బోరు నీళ్ళు తాగిన రేడియేటర్

ప్రశ్న: మాది కడప. రెండేళ్ళ కింద సెకండ్ హ్యాండ్‌లో ఒక చిన్న పెట్రోలు కారు తీసుకున్నాను. ఎనిమిదేళ్ళ బండి, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. టౌన్‌లో ఏ ఇబ్బందీ లేదు. పోయిన నెల నలుగురం ఏసీ వేసుకుని మా అత్తగారి ఊరు రాయచోటికి పోతుంటే, గువ్వలచెరువు ఘాట్ ఎక్కేటప్పుడు ఇంజన్ వేడి చూపించే ముల్లు ఎరుపు దాకా పోయింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి. బండి ఆపి, దారినపోయేవాళ్ళు ఇచ్చిన చన్నీళ్ళు అప్పటికప్పుడు పోసి ఎట్లాగో ఊరు చేరాం. రిజర్వ్ డబ్బాలో వారానికి ఒక గ్లాసు తగ్గుతుంది, మొదటి నుంచీ ఇంటి బోరు నీళ్ళే పోస్తున్నాను. ఇప్పుడు రేడియేటర్ మూత తీస్తే నీళ్ళు ఇటుక రంగులో ఉన్నాయి. ఒక మెకానిక్ థర్మోస్టాట్ తీసి పడేయమంటాడు, ఇంకొకాయన రేడియేటరే మార్చమంటాడు. మా మామ "కూలెంటు చలి దేశాల వాళ్ళకు, మనకెందుకు, దుడ్లు దండగ" అంటాడు. ఫ్లషింగ్ నేనే ఇంట్లో చేసుకోవచ్చా? ఈ నెలాఖరుకు పెళ్ళికి మళ్ళీ రాయచోటి పోవాలి. టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, కడప

సమాధానం:

ఫ్లషింగ్, అంటే లోపలి పాత నీళ్ళు వదిలి కడగడం, మీరే చేసుకోవచ్చు. పొద్దున మొదలుపెడితే సాయంత్రం దాకా పడుతుంది, అందులో ముక్కాలు వంతు ఇంజన్ చల్లారేదాకా కూర్చోవడమే. అయితే ఫ్లషింగ్ చేసినంత మాత్రాన మీ వారానికో గ్లాసు ఆగదు. మురికి కడగడం వేరు, కారడం ఆపడం వేరు. మీ బండికి రెండూ కావాలి, కారడం సంగతి ముందు తేలాలి.

కారులో నీళ్ళు తిరిగే ఏర్పాటంతా మూత బిగించిన ప్రెషర్ కుక్కర్ లాంటిది. నీళ్ళు ఇంజన్‌లో వేడెక్కి, రేడియేటర్‌లో చల్లారి, మళ్ళీ ఇంజన్‌లోకి పోతాయి. తిరుగుతాయే కాని తరగవు. ఏడాదికి డబ్బాలో ఒక వేలు మందం తగ్గితే పట్టించుకోనక్కర్లేదు. వారానికి గ్లాసు తగ్గితే ఎక్కడో చిల్లు ఉంది, లేదా మూత పని చేయడం లేదు.

ఇప్పుడు మీ బోరు నీళ్ళ లెక్క చూద్దాం. మన ఇళ్ళలో పరుచుకునే కడప బండ సున్నపురాయే. ఎర్రగుంట్ల చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది కూడా ఆ రాయి కోసమే. మన దగ్గర చాలాచోట్ల భూమిలోని నీళ్ళు ఆ రాళ్ళ సందుల్లో తిరిగి తిరిగి, దాన్ని కొంచెం కొంచెం కరిగించుకుని బోరులోకి వస్తాయి. ఇంట్లో హీటర్ రాడ్ మీద ఆర్నెల్లకు తెల్లటి పెచ్చు కడుతుంది చూడండి, అది అదే. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు, వేరే నీళ్ళు దొరకని చోట 600 దాకా సరిపెట్టుకోవచ్చు. మీ బోరు ఆ 600 దగ్గరే ఉందనుకుందాం. వారానికి పావు లీటరు చొప్పున రెండేళ్ళకు 26 లీటర్లు పోశారు. ఆవిరై పోయేది నీళ్ళు మాత్రమే, అందులోని సున్నం పోదు. ఆ లెక్కన దాదాపు 15 గ్రాములు, అంటే పెద్ద చెంచాడు సున్నం, లోపలే ఉండిపోవచ్చు.

చెంచాడే కదా అనిపిస్తుంది. రేడియేటర్ గొట్టాలు మనం తాగే స్ట్రాల లాగా గుండ్రంగా ఉండవు, నొక్కేసిన స్ట్రాలలా బల్లపరుపుగా ఉంటాయి, లోపలి సందు ఒకటి రెండు మిల్లీమీటర్లు. అందులో చిన్న పెచ్చు అడ్డం పడినా ఆ గొట్టం మూసుకుపోయినట్టే. పైగా సున్నం ఎక్కువగా పట్టేది అన్నిటికంటే వేడిగా ఉండే చోట, అంటే ఇంజన్ పైభాగమైన సిలిండర్ హెడ్ లోపలి గోడల మీద. అక్కడ అది దుప్పటి కప్పినట్టు పని చేస్తుంది: లోహంలోని వేడి నీళ్ళకు చేరదు. ఇటుక రంగు మాత్రం సున్నానిది కాదు, ఇంజన్ బ్లాక్ లోపలి తుప్పుది. తుప్పును ఆపే మందు కూలెంట్‌లో, అంటే నీళ్ళతో కలిపి రేడియేటర్‌లో పోసే ద్రవంలో ఉంటుంది, ఉత్త నీళ్ళలో ఉండదు.

ఇక్కడే మీ మామగారి మాట కూడా తేల్చేద్దాం. ఆయన చెప్పినదాంట్లో సగం నిజం ఉంది. కడపలో నీళ్ళు గడ్డకట్టే చలి రాదు, ఆ పనికి మనకు కూలెంటు అక్కర్లేదు. ఇంకో నిజం కూడా ఆయన తరఫున నేనే చెప్తాను: వేడిని మోయడంలో ఉత్త నీళ్ళు కూలెంట్ కంటే మెరుగు. అందుకే కొట్లో కొన్న చిక్కటి కూలెంట్‌ను నీళ్ళు కలపకుండా మొత్తం నింపడం కూడా తప్పే, కొందరు 'మంచిది కదా' అని అలా చేస్తారు. కాని తుప్పు పట్టకుండా చూసేది, వాటర్ పంపు సీలు ఎండిపోకుండా కాపాడేది, మరిగే డిగ్రీని పెంచేది కూలెంటే. ఆయన నడిపిన కాలంలో రేడియేటర్లు రాగి, ఇత్తడివి. మూసుకుపోతే షెడ్డులో పైతొట్టి ఊడదీసి, సన్నటి కమ్మీతో రాడింగ్ చేసి, మళ్ళీ టంకం పెట్టేవాళ్ళు. ఇప్పటివి సన్నటి అల్యూమినియం గొట్టాలు, ప్లాస్టిక్ తొట్లు, మధ్యలో రబ్బరు. వాటికి రాడింగ్ కుదరదు.

సరే, గ్లాసు నీళ్ళు ఎక్కడికి పోతున్నాయి?

నా మొదటి అనుమానం మూత మీద. రేడియేటర్ మూత చూడ్డానికి సీసా మూతలా ఉంటుంది కాని అది రెండు వాల్వులున్న యంత్రం. మూత మీద 0.9 అనో 1.1 అనో, కొన్నిటికి 88 అనో 108 అనో అచ్చు వేసి ఉంటుంది. లోపలి ఒత్తిడి అంతకు చేరేదాకా అది తెరుచుకోదు. 0.9 బార్ ఒత్తిడిలో ఉత్త నీళ్ళు కూడా దాదాపు 118 డిగ్రీల దాకా మరగవు. సగం కూలెంటు కలిపితే ఇంకో ఏడెనిమిది డిగ్రీలు కలిసొస్తాయి. మూత రబ్బరు గట్టిపడిందనుకోండి, ఒత్తిడి నిలవదు, నీళ్ళు మామూలుగా 100 దగ్గరే మరిగి డబ్బాలోకి, అక్కడ నిండితే రోడ్డు మీదికి పోతాయి. టౌన్‌లో ఇంజన్ అంత వేడెక్కదు కాబట్టి తెలియదు. నలుగురు మనుషులు, ఏసీ, ఎగువ రోడ్డు, ఎండ, అన్నీ కలిసినప్పుడు బయటపడుతుంది. మీకు జరిగింది సరిగ్గా ఇలాగే ఉంది.

మూతలోని రెండో వాల్వు ఇంజన్ చల్లారేటప్పుడు డబ్బాలోంచి నీళ్ళు వెనక్కి పీల్చుకోవడానికి. అది పోతే తెల్లారి చూసేసరికి పైన ఉండే లావు రబ్బరు గొట్టం లోపలికి అతుక్కుని చప్పిడిగా కనిపిస్తుంది. డబ్బా నిండుగానే ఉంటుంది, రేడియేటర్ లోపల మాత్రం ఖాళీ. అందుకే డబ్బా గీత చూసి నీళ్ళున్నాయని నమ్మకండి, చల్లగా ఉన్నప్పుడు మూత తీసి రేడియేటర్‌లో కూడా చూడండి. కొన్ని కార్లకు రేడియేటర్ మీద మూతే ఉండదు, ప్లాస్టిక్ డబ్బా మూతే ప్రెషర్ మూత. మీది రేడియేటర్ మీదే ఉందని రాశారు కాబట్టి ఇదంతా మీకు వర్తిస్తుంది. పాత మూత పట్టుకెళ్ళి, అదే నంబరున్న కొత్త మూత తెచ్చి బిగించండి. ఎక్కువ నంబరుది వేస్తే ఇంకా మంచిదేమో అనుకోవద్దు, పాత గొట్టాలు ఆ ఒత్తిడికి పగులుతాయి.

'చల్లగా ఉన్నప్పుడు' అన్న మాట నేను ఊరికే అనలేదు. నా ఎడమ మణికట్టు మీద ఇప్పటికీ రూపాయి బిళ్ళంత మచ్చ ఉంది. డోన్ దాటాక ఒక స్నేహితుడి జీపు ఉడికిపోతే, కుర్రతనంలో టవలు చుట్టి మూత తిప్పాను. మూత ఎగిరి ఎక్కడ పడిందో కూడా చూడలేదు. లోపల 110 డిగ్రీల మీద ఉన్న నీళ్ళు ఒత్తిడి పోగానే ఒక్కసారిగా ఆవిరవుతాయి, టవలు ఏం ఆపుతుంది? కనీసం గంట ఆగి, పై గొట్టాన్ని నొక్కి చూడండి. మెత్తగా వంగితే సరే. గట్టిగా బిర్రుగా ఉంటే ఇంకా ఆగాలి. ఎవరికైనా కాలితే ఇరవై నిమిషాలు పారే చన్నీళ్ళ కింద పెట్టండి, పేస్టు పూయకండి.

మూత మార్చాక రాత్రి బండి కింద ఒక పెద్ద అట్టముక్క పరవండి. పొద్దున దాని మీద మరక ఎక్కడ పడిందో చూసి, దాని పైకి వెతకాలి. గొట్టాల క్లిప్పుల దగ్గర ఎండిన తెల్లటి చారలు, పంపు కింద ఉండే చిన్న రంధ్రం నుంచి జారిన తడి, ప్లాస్టిక్ తొట్టి అల్యూమినియానికి కలిసే అంచు, ఈ మూడు చోట్లే ఎక్కువగా దొరుకుతుంది. బండి లోపల ముందు సీటు కింద కార్పెట్ తడిగా, తియ్యటి వాసనతో ఉంటే హీటర్ లోపల కారుతోంది. అట్ట పొడిగా ఉండి నీళ్ళు మాత్రం తగ్గుతున్నాయంటే కొంచెం భయపడాలి. ఆయిల్ డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ కాఫీ నురగ రంగులో ఉంటే, ఇంజన్ బాగా వేడెక్కాక కూడా సైలెన్సర్‌లోంచి తెల్లటి పొగ ఆగకపోతే, ఇంజన్ నడుస్తుంటే డబ్బాలో బుడగలు వస్తుంటే, హెడ్ గాస్కెట్, అంటే ఇంజన్ హెడ్‌కూ బ్లాక్‌కూ మధ్య ఉండే సీలు, పోయినట్టు లెక్క. ఘాట్‌లో ఎరుపు దాకా పోయిన ఇంజన్‌కు, ఆ మీద చన్నీళ్ళు తగిలిన అల్యూమినియం హెడ్‌కు ఈ పరీక్ష తప్పదు. ఈ గుర్తుల్లో ఏది ఉన్నా ఫ్లషింగ్ మాట మరిచిపోయి బండిని మంచి షెడ్డుకు తోలండి, అది కూడా నడిపి కాదు, కట్టి లాక్కుని.

థర్మోస్టాట్ తీసి పడేయమన్న మెకానిక్ గురించి. ఆ సలహా మన దగ్గర చాలామంది ఇస్తారు, నాకూ ఒక షెడ్డులో చెప్పకుండానే తీసేశారు. ఆ చలికాలమంతా పొద్దున అరగంట నడిపినా ముల్లు లేవలేదు, పెట్రోలు మాత్రం ఎక్కువ తాగింది. ఎందుకో తెలియక నేను ప్లగ్గులు మార్చాను, ఎయిర్ ఫిల్టర్ మార్చాను. చివరికి వేరే మెకానిక్ గొట్టం ఊడదీసి, లోపల ఖాళీ చూపించి నవ్వాడు. థర్మోస్టాట్ అనేది 82, 88 డిగ్రీల దగ్గర తెరుచుకునే తలుపు. ఇంజన్ తొందరగా వేడెక్కడానికి, ఆ తర్వాత ఆ వేడి దగ్గరే నిలబడడానికి అది ఉండాలి. కొన్ని ఇంజన్లలో అది లేకపోతే నీళ్ళు రేడియేటర్‌కు పోకుండా అడ్డదారిన ఇంజన్‌లోనే తిరిగి ఇంకా వేడెక్కుతాయి.

అది చెడిందో లేదో వంటింట్లో తేలిపోతుంది. ఊడదీసి, మళ్ళీ వంటకు వాడని పాత గిన్నెలో నీళ్ళు పోసి, దారం కట్టి అడుగుకు తగలకుండా వేలాడదీసి స్టవ్ మీద పెట్టండి. నీళ్ళు మరగడానికి కాస్త ముందు, గిన్నె అడుగున చిన్న బుడగలు లేచేటప్పుడు, మధ్యలోని బిళ్ళ మెల్లగా పైకి జరగడం కంటికి కనిపిస్తుంది. తళతళా మరుగుతున్నా కదలకపోతే కొత్తది వేయండి. దాని మీద చెక్కిన డిగ్రీ అంకె చూసి అదే కొనాలి.

మీ బండిలో మాత్రం అది పూర్తిగా మూసుకుని ఉండదనుకుంటాను. మూసుకుపోతే టౌన్‌లో కూడా ఉడికేది. ఫ్యాన్ పోతే ట్రాఫిక్‌లో ఉడుకుతుంది, రోడ్డెక్కి గాలి తగిలితే చల్లబడుతుంది. మీది తిరగబడింది: టౌన్‌లో బాగుంది, బరువు మీద ఎగువ ఎక్కితే చాలలేదు. అంటే రేడియేటర్ వేడిని వదలలేకపోతోంది. లోపల మూసుకుందా, బయట మూసుకుందా, నీళ్ళే తక్కువున్నాయా అన్నది తేలాలి. కాబట్టి రేడియేటర్ మార్చమన్న ఆయన పూర్తిగా తప్పు చెప్పలేదు, తొందరపడ్డాడంతే. కడిగి చూశాక చాలకపోతే అప్పుడు మార్చుదురు.

బయట మూసుకోవడం అంటే: ముందు ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్, దాని వెనక రేడియేటర్, రెండిటి మధ్య అంగుళం సందు. 40వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిళ్ళు తిరిగే బండికి ఆ సందులో పురుగులు, ఎర్రమట్టి, దూది పోగులు కలిసి నెమ్మదిగా కంబళిలా తయారవుతాయి. ముందు నుంచి చూస్తే ఏమీ కనిపించదు. టార్చి వేసి పక్క నుంచి చూడండి. మామూలు పైపుతో, ఇంజన్ వైపు నుంచి ముందుకు, అంటే గాలి పోయే దిక్కుకు ఎదురుగా నీళ్ళు కొట్టండి. సర్వీసింగ్ చేసే చోట ప్రెషర్ గన్ దగ్గరగా పెట్టి కొడితే సన్నటి రేకులు పడుకుంటాయి, ఆ తర్వాత గాలే దూరదు. నా అనుభవంలో ఎండాకాలం ఉడికే బండ్లలో చాలావాటికి ఈ ఒక్క పనితోనే సగం నయమైంది, ఫ్లషింగ్ దాకా రానేలేదు.

ఇక అసలు పని. బ్యాటరీలు అమ్మే కొట్లో 5 లీటర్ల డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు నాలుగు తెచ్చుకోండి. యాసిడ్ కాదు, ఉత్త డిస్టిల్డ్ వాటర్ అని గట్టిగా చెప్పి తీసుకోండి. ఖర్చు తగ్గాలంటే మొదటి కడుగుళ్ళకు వంటింటి ఆర్వో నీళ్ళు సరిపోతాయి. ఏసీ పైపులోంచి కారే నీళ్ళు పట్టి దాచేవాళ్ళు మన దగ్గర చాలామంది, వాటిలో సున్నం ఉండదు కాని దుమ్ము, పాకుడు ఉంటాయి. గుడ్డలో వడకట్టి మొదటి కడుగుకు వాడండి, చివరి దానికి వద్దు. మీ బండికి మొత్తం ఎన్ని లీటర్లు పడతాయో మాన్యువల్‌లో చూసి రాసిపెట్టుకోండి. ఇదే తర్వాత లెక్కకు పనికొచ్చే అంకె.

బండి రాత్రంతా ఆగి ఉన్న పొద్దున, చదునైన చోట మొదలుపెట్టండి. ఎలక్ట్రిక్ ఫ్యాన్ తాళం తీసేసినా ఉన్నట్టుండి తిరగొచ్చు, దాని దగ్గర చేతులు పెట్టేటప్పుడు బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీయండి. రేడియేటర్ కింద మూల ఒక ప్లాస్టిక్ బిరడా ఉంటుంది. మూత తీసి, కింద వెడల్పాటి బేసిన్ పెట్టి, ఆ బిరడా వదులు చేయండి. కొన్ని చిన్న కార్లకు బిరడా ఉండదు, కింది లావు గొట్టం క్లిప్పు తీయాలి. వచ్చిన నీళ్ళు పారబోయకండి, కొలవండి. 4.5 లీటర్లు పట్టే బండిలోంచి 3 లీటర్లే వస్తాయనుకోండి, మిగతా లీటరున్నర ఇంజన్ బ్లాక్ లోపలే ఉంది. థర్మోస్టాట్ మూసి ఉన్నప్పుడు అది బయటికి రాదు. మురికి ఎక్కువుండేది కూడా అక్కడే. అందుకే రేడియేటర్‌లో పైపు పెట్టి పైనుంచి కిందికి నీళ్ళు వదిలితే ఫ్లషింగ్ అయిపోయిందనుకోవడం ముఖం కడుక్కుని తలస్నానం అయిందనుకోవడం లాంటిది.

బేసిన్‌లోని నీళ్ళ మీద నూనె తెట్టు తేలితే ఇక్కడితో ఆపి షెడ్డుకు పోండి. ఉత్త తుప్పు రంగైతే బిరడా చేత్తో బిగించి (పానాతో బిగిస్తే ప్లాస్టిక్ మర పోతుంది), నీళ్ళు నింపి, హీటర్ ఎర్ర గీత దాకా తిప్పి, బ్యాటరీ వైరు తగిలించి, ఇంజన్ స్టార్ట్ చేయండి. పై గొట్టం చల్లగా ఉండి ఉండి ఒక్కసారిగా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ తెరుచుకుందని అర్థం. ఆ తర్వాత ఇంకో పది నిమిషాలు నడిపి ఆపి, చల్లారనిచ్చి, వదలండి. రెండోసారి టీ రంగులో వస్తాయి, మూడోసారికి గంజి నీళ్ళలా. గాజు గ్లాసులో పట్టి వెలుతురుకు చూడండి, అడుగున పెచ్చులు దిగుతున్నంతసేపు ఇంకో కడుగు ఉన్నట్టే.

మీ బండికి ఉత్త నీళ్ళతో సున్నం ఊడదు. మొదటి కడుగు అయ్యాక రెండోదానిలో రేడియేటర్ ఫ్లష్ మందు కలపాలి. అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్నదే కొనండి, అందులో చెప్పినన్ని నిమిషాలే నడపండి, ఆ తర్వాత రెండు కడుగులు ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో వేయండి. కాస్టిక్ సోడా, బాత్రూం యాసిడ్, చింతపండు పులుసు, ఇవన్నీ ఇత్తడి కాలం నాటి చిట్కాలు. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, యాసిడ్ కూడా అంతే. కారే చోట పసుపు పోస్తే ఆగుతుందని లారీ డ్రైవర్లు చెప్పేది నిజమే, అడవి మధ్యలో ఊరు చేరడానికి అది దారి చూపింది కూడా. కాని ఆ పసుపు చిల్లును ఒక్కదాన్నే వెతుక్కుని పోదు కదా, సన్న గొట్టాలన్నిటిలో ముద్ద కడుతుంది.

ఒక హెచ్చరిక. సున్నం, తుప్పు కొన్నిచోట్ల చిల్లును మూసి ఉంచుతాయి. అది కడిగాక కొత్తగా కారడం మొదలైతే మందు చిల్లు పెట్టిందని తిట్టుకోవద్దు, చిల్లు ముందే ఉంది. అందుకే ఈ పని పెళ్ళి ముందు రోజు పెట్టుకోకండి. కనీసం పది రోజుల ముందే చేయండి.

నింపడంలో చాలామంది పొరపడేది ఇక్కడే. సగానికి సగం కలిపిన రెడీమేడ్ కూలెంట్ తెచ్చి పోస్తారు. బ్లాక్‌లో లీటరున్నర ఉత్త నీళ్ళు మిగిలే ఉన్నాయి కదా, పోసింది 3 లీటర్లు, అందులో కూలెంటు లీటరున్నర. మొత్తం 4.5లో మూడో వంతుకు పడిపోయింది. మీరు చిక్కటి కూలెంటు, అంటే నీళ్ళు కలపనిది కొనండి. 4.5 లీటర్ల బండికి అందులో సగం, 2.25 లీటర్లు, ముందు పోసేయండి. ఆ పైన ఎంత పడితే అంత డిస్టిల్డ్ వాటర్. లోపల ఎంత నీరు మిగిలిందో తెలియకపోయినా లెక్క సరిగ్గా సగానికి వస్తుంది. ఎలాంటి కూలెంటు అన్నది మాన్యువల్ చెప్పాలి. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చ అంటే ఇది, ఎరుపు అంటే అది అని అన్ని కంపెనీలకూ ఒక కట్టుబాటు లేదు. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి లోపల జావలా గడ్డకడుతుంది. పాత రకం అయితే రెండేళ్ళకు, ఎక్కువ కాలం వచ్చే కొత్త రకం అయితే ఐదేళ్ళ దాకా పని చేస్తుంది. మీ బండిలో పాత తుప్పు ఉంది కాబట్టి డబ్బా మీద ఐదేళ్ళని ఉన్నా మొదటిసారి రెండేళ్ళకే మార్చండి.

లోపల గాలి చిక్కితే కొత్త కూలెంటు పోసినా బండి ఉడుకుతుంది. ఇంటి గేటు ముందు ర్యాంపు ఉంటే ముందు చక్రాలు పైకి ఎక్కించి, మూత తీసి ఉంచి, హీటర్ వేసి, ఇంజన్ ఊరికే నడవనివ్వండి. బుడగలు గుడగుడమంటూ వస్తాయి, మట్టం దిగుతుంది, పోస్తూ ఉండండి. పై గొట్టాన్ని గుడ్డతో పట్టుకుని నాలుగుసార్లు పిసికితే చిక్కిన గాలి కదులుతుంది. మట్టం ఉబికి పైకి రావడం మొదలైతే మూత వేసేయండి. ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగాక, హీటర్‌లోంచి మంచి వేడి గాలి వస్తుంటే గాలి పోయినట్టే. హీటర్ చల్లగా ఊదుతుంటే ఇంకా ఉంది.

బేసిన్‌లోని మొదటి నీళ్ళు, పాత కూలెంటు ఏదైనా ఉంటే అది, కాలవలో పోయకండి. కూలెంటు తియ్యగా ఉంటుంది, అది విషం. వీధి కుక్కలు, మేకలు నాకితే చచ్చిపోతాయి. పిల్లలకు అందకుండా మూత గట్టిదైన క్యాన్‌లో పోసి, పేరు రాసి, పాత ఆయిల్ తీసుకునే సర్వీస్ సెంటర్‌లో అడిగి ఇవ్వండి. కూల్‌డ్రింకు బాటిల్‌లో మాత్రం ఎప్పుడూ పోయవద్దు.

దారిలో మళ్ళీ ముల్లు పైకి లేస్తే: ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా వేసి, దాని ఫ్యాన్ కూడా ఫుల్లు పెట్టండి. అది కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజన్ వేడి కొంత బండి లోపలికి లాగుతుంది. మే నెల ఎండలో హీటర్ వేస్తే ఇంట్లోవాళ్ళు తిడతారు, తిట్టనివ్వండి. అప్పటికీ దిగకపోతే నీడ చూసి పక్కన ఆపి, ఇంజన్ కట్టేసి, ముట్టుకోకుండా గంట కూర్చోండి. పోయినసారి చేసినట్టు ఉడుకుతున్న ఇంజన్‌లో చన్నీళ్ళు పోయవద్దు, హెడ్డు పగులుతుంది. చల్లారాక ఏ నీళ్ళు దొరికితే అవి పోసి ఊరు చేరండి. ఒక్కసారి బోరు నీళ్ళు పోస్తే కొంప మునగదు, తర్వాత మళ్ళీ కడిగించుకుంటే సరి.

పెళ్ళి సంగతి. అన్నీ అయ్యాక వారం రోజులు టౌన్‌లో తిరగండి, రోజూ పొద్దున డబ్బా మీద స్కెచ్ పెన్నుతో గీత పెట్టుకోండి. గీత కదలకపోతే, ఒక ఆదివారం మీరొక్కరే ఏసీ వేసుకుని ఘాట్ దాకా పోయి రండి. గువ్వలచెరువులో కోవా అంగళ్ళ దగ్గర ఆపి, బానెట్ ఎత్తి, మూత ముట్టుకోకుండా డబ్బా చూడండి. వేడి మీద మట్టం గీత కంటే కొంచెం పైకి లేచి ఉంటే మామూలే. ఇంటికొచ్చాక మర్నాడు పొద్దున అది పాత గీతకే దిగి ఉంటే నలుగురినీ ఎక్కించుకుని పెళ్ళికి పోండి. వేలు మందం తగ్గి ఉంటే మాత్రం కారును ప్రెషర్ టెస్ట్‌కు ఇచ్చి, రాయచోటి బస్సు ఎక్కండి.